ఒడ్డు మీద అక్క మాట

మా అక్క పాట ఇక చెల్లదని ఒడ్డు మీద తీర్పు చెప్పిన పూట నేను పలాసలో బళ్లో ఉన్నాను. పిల్లల చేత జీర్ణవ్యవస్థ బొమ్మ గీయిస్తున్నాను. గుమ్మంలో మా బావ వచ్చి నిలబడ్డాడు. లుంగీ నిండా ఇసక, చేతుల మీద పొలుసులు. ముందు వరస పిల్లలు ముక్కులు మూసుకున్నారు. వేలం దగ్గర నుంచి తిన్నగా వచ్చేశాడని ఆ వాసనే చెప్పింది.

"మరదలా, మీ అక్క నోరు ఇకన ఒడ్డు మీద పనికిరాదట. బేగి రా," అన్నాడు.

ఆ మాట బరువు తెలియాలంటే మా తీరంలో చేపల వేలం ఎలా జరుగుతుందో తెలియాలి. వజ్రపుకొత్తూరు వైపు మా అక్కను ఇచ్చిన ఊళ్లో పడవలు రాగానే చేపలు ఇసకలో కుప్పలు పోస్తారు. ఊరి పెద్దాయన నిలబడి వేలం వేస్తాడు. పాడేవాళ్లు దాదాపు అందరూ ఆడవాళ్లే. గంపలకెత్తుకుని కాశీబుగ్గ బజారుకు పోయేవాళ్లు. కాగితం లేదు, సంతకం లేదు. నోటితో ఒక రేటు అన్నదంటే అన్నదే, కుప్ప ఆమెది, బాధ్యత ఆమెది. మాట మీదే నడిచే చోట ఒక మనిషి మాట చెల్లదంటే ఆ మనిషిని బతికుండగానే లెక్కలోంచి తీసేసినట్టు. మొగుడు పోయినవాళ్ల పాట చెల్లుతుంది. ముసలివాళ్ల పాట చెల్లుతుంది. నోరు సరిగా తిరగనివాళ్లు వేళ్లు చూపించినా చెల్లుతుంది. పిచ్చి అన్న ముద్ర పడినవాళ్లది మాత్రం చెల్లదు.

అక్కకు కొన్నాళ్లుగా నిద్ర లేదు. తిండి ముట్టడం లేదు. మాట మాత్రం ఆగడం లేదు. ఊరంతటికీ తానే చీరలు కొంటానంటోంది, పడవలన్నిటికీ తానే ఇంజన్లు పెట్టిస్తానంటోంది. ఆ పొద్దున కవ్వళ్ల చేపల కుప్ప దగ్గర నిలబడి ఒక రేటు పాడింది. ఎవరూ పోటీ రాలేదు. అయినా తన పాట మీద తానే పెంచింది. మళ్లీ పెంచింది. మొదట ఆడవాళ్లు నవ్వారట. తర్వాత నవ్వడం మానేశారు. కుప్ప దక్కగానే ఆ చేపల్ని దోసిళ్లతో కాకులకూ కుక్కలకూ విసిరింది. అప్పుడే పెద్దాయన అన్నాడు, గాలి సోకిన మనిషి మాట మీద వేలం నడవదని.

మా అక్క నన్ను చంక వేసుకుని పెంచింది. అమ్మ గంపెత్తుకుని పోతే నాకు అన్నం కలిపి పెట్టింది ఆమే. నన్ను చదివించమని ఇంట్లో గొడవపడింది ఆమే. కాబట్టి నేను ఆ రోజు సెలవు అడగలేదు. హెడ్‌మాస్టరుకు చెప్పి బయటికి నడిచాను, అంతే.

ఊళ్లో నాకంటే ముందే మంత్రగాడు దిగి ఉన్నాడు. అక్కను అరుగు మీద కూచోబెట్టి, చుట్టూ వేపమండలు గుచ్చి, నిమ్మకాయలు కోస్తున్నాడు. సముద్రంలో పోయిన ఒడియా ఆడమనిషి ఈమెను పట్టిందట. తన అమ్మోరి మండపం దగ్గరికి తెచ్చి గొలుసు వేసి ఉంచాలట. ఆమె ఎప్పుడు దిగితే అప్పుడు విడుస్తాడట.

ఆ మండపం నేను చూశాను. కాలేజీ రోజుల్లో మా హేతువాద సభల వాళ్లతో కలిసి ఒకసారి వెళ్లాను. రేకుల కింద స్తంభాలు, స్తంభాలకు మనుషులు. ఒక తల్లి తన కొడుక్కి గొలుసు ఒరిసిన చోట కొబ్బరినూనె రాస్తోంది. ఆమె ముఖంలో అనుమానం అన్నది లేదు. అది చూసిన నాటి నుంచి నాకు దేవుడి మీదకన్నా గొలుసు మీద కోపం ఎక్కువ. మా సభల్లో మాకు నేర్పిన పద్ధతి ఒకటుంది. ఎదుటివాడు ఒక మాట అంటే వెంటనే కాదనకూడదు. సరే, అదే నిజమనుకుందాం, నిజమైతే ఇంకేం జరగాలి, అది జరుగుతోందా అని అడగాలి.

అడిగాను. పట్టింది ఒడియా మనిషేనా అన్నాను మంత్రగాడితో. ముమ్మాటికీ అన్నాడు. మాట్లాడుతున్నది ఆమేనా అన్నాను. ఆమేనన్నాడు. నాకు ఒడియా వచ్చు, ఇచ్ఛాపురంలో కొన్నాళ్లు పాఠాలు చెప్పాను. అక్క ముందు కూచుని, మీ ఊరేది, మీకు పిల్లలెందరు, ఈ ఎండలో ఎందుకు వచ్చారమ్మా అని ఒడియాలో మర్యాదగా అడిగాను.

అక్క నన్ను ఎగాదిగా చూసింది. "ఏటే, ఎవులితో మాటాడతన్నావు? నీకేటైనా పట్టిందేటి?" అంది.

అరుగు చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. మంత్రగాడు నిమ్మకాయలు సంచిలో వేసుకున్నాడు. వాదంలో గెలిచాను, సంతోషమే. కానీ వాదం గెలిచినంత మాత్రాన అక్కకు నిద్ర పట్టదు కదా. జనం నవ్వుతో మెత్తబడి ఉన్న ఆ కాస్త సందులోనే బావా నేనూ ఆమెను టెక్కలి తీసుకుపోయాం.

టెక్కలిలో ఒక నర్సింగ్‌హోమ్ మేడ మీద గదిలో వారానికోసారి విశాఖ నుంచి మానసిక వైద్యురాలు వచ్చి కూచునేది. మెట్ల మీద జనం తలమీద కొంగు లాక్కుని, తువ్వాలు కప్పుకుని నిలబడేవాళ్లు. తెలిసినవాళ్లు ఎదురుపడితే నడుంనొప్పికి వచ్చామని చెప్పుకునేవాళ్లు. ఆ మెట్ల మీద నడుంనొప్పులకు లెక్కే లేదు. మా బావ మాత్రం గట్టిగా, నా పెళ్లానికి బుర్ర వేడెక్కింది, అందుకొచ్చాం అన్నాడు. ఆ ఒక్క మాటతో మెట్ల మీద సగం తువ్వాళ్లు కిందికి జారాయి. ఇంత ధైర్యం నాకు ఏ సభలోనూ కనబడలేదు.

డాక్టరమ్మ అక్కతో చాలాసేపు మాట్లాడింది. తర్వాత మాకు చెప్పింది. ఇది దయ్యం కాదు, పొగరూ కాదు, మనసుకు వచ్చే జబ్బు. కొన్నాళ్లు విపరీతమైన పొంగు, కొన్నాళ్లు లేవలేనంత దిగులు. బావ అడ్డొచ్చి, పోటూ ఆటూ అన్నమాట అన్నాడు. ఆమె అవునంది. పోటు మరీ ఊరి మీదికి రాకుండా ఆపే మందు ఉందంది. దాని పేరు లిథియం. అయితే ఉద్దానం మనిషని తెలియగానే ఆగింది. మీ వైపు కిడ్నీ జబ్బు ఎక్కువ, రక్తం చూడకుండా ఈ మాత్ర ఇవ్వనంది. పరీక్ష చేయించాం. కిడ్నీలు బాగున్నాయి. మాత్ర రాసింది, నెలనెలా రక్తపరీక్ష తప్పదంది.

మందు పనిచేసింది. ముందు నిద్ర వచ్చింది, తర్వాత ఆకలి, ఆ తర్వాత సిగ్గు. కాకులకు చేపలు వేసిన రోజు గుర్తొచ్చి అక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడుపు మంచిదేనని డాక్టరమ్మ అంది. ఒడ్డు మీదికి ఎప్పుడు పోవచ్చని అక్క నన్ను అడిగేది. నీ ఇష్టం అనేదాన్ని. నా ఇష్టం కాదే, పెద్దాయన ఇష్టం అనేది.

సరిగ్గా అప్పుడే చేతులు వణకడం మొదలైంది. మొదట గ్లాసు పట్టుకుంటే నీళ్లు తొణికేవి. తర్వాత అన్నం ముద్ద నోటిదాకా పోయేది కాదు. వాంతులు, విరేచనాలు. నడిస్తే కాళ్లు తడబడేవి, మాట ముద్దగా వచ్చేది. ఊళ్లో రెండు మాటలు పుట్టాయి. ఒకటి, ఆ మాత్రలు కిడ్నీలు తినేశాయని. రెండోది, అమ్మోరిని కాదన్నందుకు అమ్మోరే పట్టిందని. ఉద్దానంలో మొదటి మాట చాలు మనిషిని చంపడానికి. రెండోది చెప్పడానికి మంత్రగాడు మళ్లీ వచ్చాడు. ఈసారి నిమ్మకాయలతో రాలేదు. గొలుసే తెచ్చాడు.

వలలు కుట్టుకునే పాకలో పెద్దలు కూచున్నారు. నన్ను పిలిపించారు. బావ తల వంచుకుని ఉన్నాడు. అక్క అత్తగారు ఒక మూల కూచుని కళ్లు తుడుచుకుంటోంది. ఆవిడ గురించి ఒక మాట చెప్పాలి. కాశీబుగ్గ బజారులో అక్క కూచునే చోటు ఒకప్పుడు ఆవిడదే. తన గంప, తన చోటు, తన వాడుక ఇళ్లు అన్నీ కోడలికి ఇచ్చి కూచున్న మనిషి. కోడలికి జ్వరం వస్తే తాను ఉపవాసం ఉండే మనిషి. ఆవిడే ఇప్పుడు గొలుసుకు ఒప్పుకునేలా ఉంది. మాత్ర వేస్తే వణుకు, వేయకపోతే కాకులకు చేపలు. ఇంకేం చేస్తుంది పాపం.

పెద్దాయన నాతో, "పంతులమ్మా, ఒడియాలో అడిగి నవ్వించీసినావు. ఇప్పుడీ వణుక్కి ఏ బాసలో అడగతావు?" అన్నాడు.

ఎత్తిపొడుపే అయినా ప్రశ్న న్యాయమైనది. నమ్మకమో కాదో పక్కన పెట్టండి, ముందు ఈ వణుక్కి కారణం చెప్పండి అంటున్నాడు. హేతువాది అడగవలసిన ప్రశ్న ఆయన నన్ను అడిగాడు. నేను నిలబడి పందెం లాంటి మాట ఒకటి అన్నాను. అక్కను మళ్లీ టెక్కలి తీసుకెళ్తాం. డాక్టరు వణుకుకి కారణం చెప్పలేకపోయినా, చెప్పి తగ్గించలేకపోయినా, గొలుసుకు నేను అడ్డురాను. చెప్పి తగ్గిస్తే గొలుసు మాట ఈ ఊళ్లో ఎవరూ మళ్లీ ఎత్తకూడదు, అక్క పాట ఒడ్డు మీద చెల్లాలి. నా మాట మీద నమ్మకం లేకపోతే అత్తే సాక్షిగా వస్తుంది. ఆవిడ ఏం చూస్తే అదే ఈ పాకలో చెబుతుంది.

మంత్రగాడు నవ్వాడు. అత్త తనవైపేనని అతని ధీమా. పెద్దాయన గడ్డం గోక్కుని, పాట సంగతి తర్వాత, ముందు మనిషిని నిలబెట్టుకు రండి అన్నాడు.

బయటికి వచ్చాక బావ, "మరదలా, ఓడిపోనావంటే రెండో గొలుసు నీకే," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

పూండిలో పాసింజరెక్కి నౌపడలో దిగి, అక్కడి నుంచి ఆటోలో టెక్కలి. దారి పొడవునా ఉప్పు మడులు, తెల్లటి ఉప్పు కుప్పలు. అక్క తల అత్త ఒళ్లో ఉంది. ఒళ్లంతా సన్నగా అదురుతోంది.

డాక్టరమ్మ అక్క చేతులు చాపించింది, నాలుగడుగులు నడిపించింది. మాత్రలు ఎక్కువ వేశారా అని అడిగింది. లేదు, బావే లెక్కగా ఇస్తున్నాడు. వేరే మందులేమైనా కలిపారా. లేదు. వెంటనే రక్తం తీయించింది. ఆ తర్వాత, ఇంట్లో ఏం తింటోంది అని అడిగింది.

అత్త ముఖం వెలిగింది. అప్పటిదాకా నోరు విప్పని మనిషి, ఇది తన పరీక్ష అన్నట్టు ముందుకు జరిగింది.

"నా సేతిలో పథ్యం తప్పదమ్మా. మాత్ర మొదలెట్టిన కాణ్నుంచి కొత్త కుండలో సప్పిడి గంజే. సేప నేదు, పులుసు నేదు. ఉప్పురాయి నాలిక్కి తగలనిత్తే ఒట్టు."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది.

మా తీరంలో పథ్యం లేని మందు మందే కాదు. పచ్చకామెర్లకు ఆకుపసరు తాగినా పథ్యమే, కాన్పయినా పథ్యమే, కుక్క కరిచినా పథ్యమే. మందు ఎంత పెద్దదైతే పథ్యం అంత కటికది. చేప లేనిదే ముద్ద దిగని ఇళ్లలో చేప మాన్పించడమంటే ఎంత నిష్ఠో మీరే ఊహించండి. టెక్కలి నుంచి ఇంత పెద్ద మందు వచ్చింది కాబట్టి ఆవిడ అంత పెద్ద పథ్యం పెట్టింది. డాక్టరు చెప్పలేదు కదా అంటే, పథ్యం ఎవరైనా చెప్పాలా, అది ఇంటి ఆడవాళ్ల పని. ఆదివారాలు నేను వెళ్తే నాకు పులుసు వేసి పెట్టేది, అక్కకు పెరట్లో గంజి పోసేది. అందులో దాపరికం ఏమీ లేదు. గంజిలో ఉప్పు వేశారా అని ఎవరైనా అడుగుతారా?

డాక్టరమ్మ అత్త వైపు కుర్చీ జరుపుకుని నెమ్మదిగా చెప్పింది. ఈ మాత్ర కూడా ఒక రకం ఉప్పు లాంటిదే. ఒంట్లో మనం తినే ఉప్పు తగ్గిపోతే కిడ్నీలు బెదిరి దొరికినదాన్ని దొరికినట్టు పట్టి ఉంచుతాయి. ఆ పట్టులో ఈ మందు కూడా బయటికి పోకుండా ఒంట్లోనే పేరుకుంటుంది. పేరుకుంటే వణుకు, వాంతులు, తూలడం. మందు తప్పు కాదు, అమ్మోరు కాదు, మీ ప్రేమా తప్పు కాదు. ఉప్పు లేకపోవడమే కారణం.

రక్తం ఫలితం అదే చెప్పింది. కిడ్నీలు మాత్రం బాగానే ఉన్నాయి. ఆ మాట విన్నాక బావ గది బయటికి పోయి గోడకు ఆనుకుని చాలాసేపు నిలబడ్డాడు. మాత్ర ఆపించి అక్కను కింద వార్డులో పడుకోబెట్టి సెలైను పెట్టారు.

అత్త ఆ సీసానే చూస్తూ కూచుంది. నర్సు వచ్చినప్పుడు, "ఏటమ్మా అది సీసాలో?" అని అడిగింది.

"ఉప్పునీళ్లు మామ్మా."

అత్త లేచి సీసాను వేలితో ముట్టి చూసింది. తర్వాత అంది, "నానింట్లో తీసీసినదే మీరిక్కడ సూదితో ఎక్కిత్తన్నారా?"

"అవును మామ్మా."

"అడిగితే నోటితోటే ఎట్టీదాన్ని కదమ్మా."

గుమ్మంలో నిలబడి ఉన్న డాక్టరమ్మ ఆ మాట విన్నది. అడగకపోవడం నాదే పొరపాటు మామ్మా, ఇక మీద అడుగుతాను అంది. ఆ తర్వాత ఆ మెట్లెక్కిన ప్రతి మనిషినీ, మీ ఇంట్లో ఏ పథ్యం పెడుతున్నారు అని అడగడం మొదలుపెట్టింది. నేను ఎన్నో ఉపన్యాసాలు విన్నాను, ఇచ్చాను. అక్క అత్తగారు ఒక్క వాక్యంతో ఒక ఆసుపత్రి పద్ధతి మార్చేసింది.

అక్క కోలుకుంటున్న గుర్తు మొదట నోట్లోనే కనబడింది. మాట తేటపడగానే, "అత్తా, ఎండు నెత్తళ్లు తేలేదేటి?" అని అడిగింది. మాత్ర ఈసారి తక్కువ మోతాదులో మళ్లీ మొదలుపెట్టారు. ఉప్పు అందరిలాగే తినాలి, నీళ్లు బాగా తాగాలి, వాంతులైతే వెంటనే రావాలి. ఇంతే నియమం. తిరిగి వస్తూ నౌపడ దగ్గర అత్త ఆటో ఆపించింది. దిగి ఉప్పు కుప్పల దాకా నడిచి, కొంగు పట్టి అడిగి, కొంగు నిండా రాతి ఉప్పు మూటకట్టుకుని వచ్చింది. ఇంట్లో జాడీడు ఉప్పు ఉంది కదా అన్నాడు బావ. అది నేను తీసి పక్కన పెట్టిన ఉప్పు, దాని ముఖం చూడలేను అందావిడ.

వలల పాకలో మళ్లీ అందరూ కూచున్నారు. మంత్రగాడు కూడా వచ్చాడు. నేను నోరు తెరవలేదు, అవసరం లేకపోయింది. అత్త నిలబడి, తాను ఏం పెట్టిందో, ఏం తీసేసిందో, సీసాలో ఏం చూసిందో దాచకుండా చెప్పింది. మంత్రగాడు ఏదో అనబోయాడు. అమ్మోరు ఉప్పు రూపంలో కరుణించిందేమో అన్నాడు. గొప్ప తెలివి, కాదనను.

"అమ్మోరు కరుణిత్తే కరుణించినాది. నువ్వు తెచ్చినది గొలుసు. డాట్రమ్మెట్టినాది ఉప్పునీల్లు. ఏది పని సేసిందో నా కోడలి సెయ్యి సూసి సెప్పు," అంది అత్త.

అక్క పక్కన చినిగిన వల ఒకటి ఉంటే ఒళ్లోకి లాక్కుంది. వల కుట్టే సూది తీసుకుని కన్ను తర్వాత కన్ను ముడి వేసుకుంటూ పోయింది. పాకలో ఉన్నవాళ్లందరూ పుట్టినప్పటి నుంచి వలలు కుట్టినవాళ్లే. చెయ్యి ఏమాత్రం అదిరినా వాళ్ల కంటికి కనబడుతుంది. ముడి ముడికీ దారం సమంగా బిగుస్తోంది. మంత్రగాడు లేచి గొలుసు సంచిలో వేసుకుంటే అది గలగలమంది. ఎవరూ తల తిప్పి చూడలేదు, అందరూ వలే చూస్తున్నారు. ఈ దేశంలో మూఢత్వం ఓడిపోదని నిట్టూర్చేవాళ్లను నేను ఆ పాకకు తీసుకెళ్లాలనుకుంటాను. ఓడిపోతుంది. కళ్లెదుట, పట్టపగలు, సంచి సర్దుకుని పోతుంది. దానికి కావలసింది జనాన్ని తిట్టే ఉపన్యాసం కాదు, జనం తామే చూసి తేల్చుకోగల ఒక రుజువు.

పాట సంగతి మాత్రం పెద్దాయన వెంటనే తేల్చలేదు. ఒడ్డు మీదే చూద్దామన్నాడు. ఆ ఆదివారం పొద్దున నేనూ వెళ్లాను. గాలి మంచిది, పడవలు నిండుగా వచ్చాయి. అక్క గంప పట్టుకుని ఆడవాళ్ల వెనక నిలబడింది. నోరు ఎండిపోతోందని నా చెవిలో అంది. నీళ్లు తాగమన్నాను. మందు వల్ల కాదే, బయం అంది.

పెద్దాయన కానాగంతల కుప్ప దగ్గర వేలం మొదలుపెట్టాడు. కాసేపటికి అక్క గొంతు లేచింది. ఒక రేటు అంది. పెద్దాయన ఆమె వైపు చూడకుండానే ఆ రేటు పలికాడు. పలికాడంటే తీసుకున్నట్టే. పక్కూరి ఆవిడ పెంచింది. అక్క ఆపైన పెంచింది. ఆవిడ మళ్లీ పెంచింది. ఇప్పుడు అందరి చూపూ మా అక్క నోటి మీదే ఉంది. చెల్లదనిపించుకున్న నోరు. తన మీద తానే పాడుకున్న నోరు. అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అక్క నోరు మూసుకుంది. కుప్ప వైపు ఒకసారి వంగి చూసి, నింపాదిగా, "పట్టికెల్లు వొదినా. పైనున్నవి ఇయ్యాలవి, కిందున్నవి మీ ఆయన పుట్టినప్పటివి," అంది.

ఒడ్డు ఒడ్డంతా నవ్వింది. కుప్ప తెచ్చిన పడవవాడు కూడా తల దించుకుని నవ్వాడు. పెద్దాయన కర్రతో కుప్ప అడుగు కదిపి చూశాడు. నిజంగానే కిందవి ఐసులో పెట్టిన నిన్నటి చేపలు. ఆయన రెండో కుప్ప దగ్గరికి నడిచాడు. ఈసారి అక్క ఒకే రేటు అంది, తక్కువది, గట్టిది. పెద్దాయన చుట్టూ చూశాడు. ఎవరూ పెంచలేదు.

"కుప్ప దీనిదే," అన్నాడు. తర్వాత అక్క కేసి చూసి, "గంప ఎత్తు మరి, ఎండెక్కిపోతన్నాది," అన్నాడు.

అక్క గంప నింపుకుంది. అత్తా నేనూ చెరోవైపు పట్టి తలకెత్తాం. చేపనీళ్లు నా చీర మీద కారాయి. ఆమె అప్పటికే ఆటోల వైపు నడుస్తూ, ఈ రోజు కాశీబుగ్గలో ఎవరి వీధిలో ముందు కేకేయాలో అత్తతో వాదిస్తోంది.